'మంచిగ' కాదు, 'బాగా'

“పోయొస్త కాదురా. వెళ్లొస్తాను అనాలె.”

“అనాలె కాదు నాన్నా, అనాలి.”

ఏడేళ్ల భాను తండ్రినే దిద్దేశాడు. వంటింట్లోంచి సంధ్యారాణి పకపకా నవ్వింది. సాయినాథ్ కూడా నవ్వాడు గానీ, చెవులు వేడెక్కాయి.

కొత్తపేటలో రెండు గదుల అద్దె ఇల్లు వాళ్లది. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఇవాళ బందు, రేపు రాస్తారోకో. దిల్‌సుఖ్‌నగర్‌లో సాయినాథ్ పనిచేసే ఫ్యాన్ల దుకాణం తెరిచిన రోజులకంటే మూసిన రోజులే ఎక్కువ. జీతం సగానికి పడింది. అయినా కొడుకును మాత్రం ఎల్బీనగర్‌లోని ఆ పెద్ద స్కూల్లోనే చేర్పిస్తానని మొండికేశాడు.

ఆ మొండితనానికి కారణముంది. నల్గొండ పల్లె నుంచి వచ్చి ఇక్కడి కోచింగ్ సెంటర్లో చేరిన కొత్తలో, అతను ధైర్యం చేసి లేచి నిలబడి ఓ డౌటు అడిగాడు. “సార్, గిది ఎట్లొచ్చింది?” అని. క్లాసంతా గొల్లుమంది. సారు కూడా నవ్వాడు. ఆ తర్వాత సాయినాథ్ ఏ క్లాసులోనూ నోరు తెరవలేదు. అర్థం కానివి అర్థం కాకుండానే ఉండిపోయాయి. చదువు అటకెక్కింది.

తన కొడుకు డౌటు అడగాలి. అడిగితే ఎవరూ నవ్వకూడదు. అంతే అతని ఆశ.

అందుకే ఇంట్లో ఈ ట్యూషను. మంచిగ కాదు, బాగా. ఏంది కాదు, ఏంటి. నాయినా అని పిలవడం మాన్పించి నాన్నా అనిపించాడు. మొదట్లో వాడు నాయినా అన్నప్పుడల్లా వినపడనట్టు కూర్చునేవాడు. అలా కూర్చోవడం ఎంత కష్టమో అతనికే తెలుసు.

ఇంటర్వ్యూ రోజున స్కూలుకు దూరంగా ఓ సందులో బండి పెట్టాడు. తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ దిక్కులు చూసుకుంటూ పెళ్లాం బిడ్డలతో లోపలికి నడిచాడు. గొంతు బొంగురుపోయి ఉంది. ఒకందుకు అదే మేలైంది.

“ఆయనకి గొంతు పట్టేసిందండీ,” అంది సంధ్యారాణి, మొగుడి దగ్గర తానూ నేర్చుకున్న నాలుగు ముక్కలూ వాడేస్తూ.

హెడ్మిస్ట్రెస్ ఇందిరాదేవి భానును దగ్గరికి పిలిచింది.

“ఏం బాబూ, మా స్కూలు నచ్చిందా?”

“చాలా బాగుందండీ. మీరు చేర్చుకుంటే రోజూ వస్తానండీ.”

ఆవిడ మురిసిపోయింది. సాయినాథ్ వైపు తిరిగి, “ఎంత చక్కగా మాట్లాడుతున్నాడండీ! మీదీ మా గుంటూరు వైపేనా?” అని అడిగింది.

కాదనడానికి గొంతు అక్కర్లేదు. తల అడ్డంగా ఊపితే చాలు.

సాయినాథ్ తల నిలువుగా ఊపాడు.

సీటు వచ్చింది.

“మనది గుంటూరా నాన్నా?” సందులో బండి దగ్గరికి రాగానే అడిగాడు భాను. సాయినాథ్ బండి కిక్కు కొట్టాడు. ఆ దిక్కుమాలిన బండి ఒక పట్టాన స్టార్టు కాలేదు.

ఇంటి ముందు తల్లి ఈరమ్మ మనవడి కోసం ఎదురుచూస్తోంది.

“ఒచ్చినవా బిడ్డా? సీటు దొరికిందా?”

“ఒచ్చినవా కాదు నాయనమ్మా, వచ్చావా! నువ్వు మా స్కూలుకి రావద్దు. వస్తే అందరూ నవ్వుతారు.”

ఈరమ్మ కొడుకు మొహంలోకి చూసింది. కోప్పడలేదు.

“రానులే బిడ్డా. ఆడ నాకేం పని?” అని, కొంగు సర్దుకుని లోపలికి పోయింది. భాను కోసం దాచిన జామకాయ ఆమె చేతిలోనే ఉండిపోయింది.

సాయినాథ్‌కు తల కొట్టేసినట్టయింది. కోచింగ్ సెంటర్లో అంతమంది నవ్వినప్పుడు కూడా ఇంత సిగ్గు పడలేదు. ఆనాడు నోరు మూయించింది పరాయివాళ్లు. ఇవాళ తన తల్లి నోరు తన కొడుకే మూయించాడు. నేర్పింది తను.

సాయంత్రం సంధ్యారాణి మిరియాల పాలు తెచ్చిచ్చింది.

“ఇయ్యాల పోకుంటే ఏమైతది? జర పండుకోరాదు.”

“పోవాలె,” అన్నాడు.

తల్లి ముందు నుంచి నడిచి వెళ్లే మొహం లేక వెనక తలుపు తీసుకుని బయటపడ్డాడు. దారి పొడుగునా ఎదురైనవాళ్లు నమస్తే పెడుతుంటే తల వంచుకునే వెళ్లాడు.

ఎల్బీనగర్ చౌరస్తాలోని ఉద్యమ టెంటులో జనం చప్పట్లు కొడుతుండగా, మైకు పట్టుకున్న కుర్రాడు కేకేశాడు: “మన యాస మాట్లాడనీకి సిగ్గుపడేటోళ్ల సిగ్గు దీసే మన సాయినాథన్న, రోజు లెక్కనే ఇయ్యాల గూడ మాట్లాడుతడు!”