కథలోని మనిషి సంతకం

"నేను గాదు" అని సంతోషి ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పిందో ఆమెకే లెక్క లేదు. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. ఉప్పల్‌లో వకీలు చంద్రశేఖర్ ఆఫీసు బయట బల్ల మీద కూర్చుని, ఇంక చెప్పడం కూడా మానేసింది.

గొడవంతా ఫోన్లో వారం వారం వస్తున్న ఒక సీరియల్ కథతో మొదలైంది. ఎవరో మారుపేరుతో తన పాత ప్రేమకథ రాసుకుంటున్నాడు. రాసుకుంటే రాసుకున్నాడు పోనీ, ఆ అమ్మాయి ఎడమ చెవి జుంకీకి ఎర్రరాయి ఊడిపోయి ఉండేదని కూడా రాశాడు. లాలాపేట మార్కెట్లో కలుసుకునేవాళ్లమనీ, పెళ్లి కుదిరిందని చెప్పి వెళ్లిపోయిందనీ రాశాడు. నాచారంలో ఆమె మొగుడు విక్రమ్ పనిచేసే కంపెనీలో అందరూ చదివారు. "అన్నా, మా వదిన జుంకీ గూడ గట్లనే ఉంటది గద" అని విక్రమ్ పక్కన పనిచేసే దుర్గేష్ నవ్వాడు. అంతే, పచ్చని కాపురంలో నిప్పులు పోసినట్టయింది.

"లాలాపేట నీ తల్లిగారిల్లు. పెండ్లికి నువ్వు పెట్టుకొచ్చిన జుంకీలే గదా అవి. నువ్వు గాకుంటే మరెవరు?" విక్రమ్ మళ్లీ అడిగాడు.

సంతోషి తల దించుకుంది. ఈ మాట ఎప్పుడడిగినా అంతే.

అత్త వెంకటనర్సమ్మ సంగతి మరీ ఘోరం. కొడుకు కాపురం కూలిపోతోందన్న దిగులుతో ముద్ద ముట్టడం లేదని వాడకట్టంతా జాలిపడింది. ఇవాళ వద్దంటున్నా వినకుండా వాళ్లతో ఆటో ఎక్కింది. దారి పొడవునా సంతోషే ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది.

వకీలు లోపలికి పిలిచాడు. "ఆ కథ రాసినాయనకు మనం పంపిన నోటీసుకు జవాబొచ్చింది. నా జీవితం, నా రాత, హక్కులన్నీ నావే, ఎవరి పేరూ పెట్టలేదు అంటున్నాడు. వచ్చే నెల పుస్తకం కూడా వేస్తాడట."

"ఆపలేమా సార్?" అన్నాడు విక్రమ్.

"ఆపడానికి చూడొచ్చు. కానీ మీ పరువు పోయిందని మీరొచ్చి కేసు వేస్తే కుదరదు. ఎవరి గుట్టు బయటపడిందో ఆ మనిషే రావాలి. కథలో ఉన్నది నేనే అని ఈ కాగితం మీద సంతకం పెట్టాలి."

విక్రమ్ కాగితాన్ని పెళ్లాం ముందుకు తోశాడు.

"పెట్టు. ఆ పుస్తకం ఆగిపోనీ. అటెంక నువ్వు లాలాపేటకు పో, మళ్ల రాకు."

సంతోషికి ఏడుపు కూడా రాలేదు. ఒళ్లూ మనసూ అలిసిపోయాయి. ఎవరో ఒకరు పెడితే గాని ఇది తెగేలా లేదు. పెన్ను అందుకుంది.

ముడతలు పడ్డ చెయ్యి ఒకటి వచ్చి ఆ పెన్ను లాక్కుంది.

"జర ఆగు బిడ్డా," అంది వెంకటనర్సమ్మ, కొడుకు వైపు చూడకుండా, "మీ పెండ్లినాడు నా చెవులవి తీసి నీకు పెట్టినప్పుడే ఆ జుంకీకి రాయి లేకుండె."