వాటా ఇవ్వనన్న వేటగాడు

“రివర్స్ గేరు పడదు. ముందే చెబుతున్నా, తర్వాత నన్ను తిట్టుకోవద్దు” అన్నాడు మకీష్.

“పర్వాలేదు.”

“బ్రేకులు కూడా రెండు మూడు సార్లు తొక్కితేగానీ పట్టవు.”

“పర్వాలేదు తమ్ముడూ. కాష్కా కనుమ ఎక్కుతుందా, అది చెప్పు.”

మకీష్ ఆశ్చర్యంగా చూశాడు. నరీన్ అనే ఊరి చివర ఆదివారం సంతలో పదేళ్లుగా పాత బళ్లు అమ్ముతున్నాడు. లోపం చెబితే ధర తగ్గించమని అడగని మనిషిని ఇవాళే చూడటం. అదేమైనా కొత్త బండా అంటే, గుడ్డ టాపు రష్యన్ జీపు, మకీష్ కన్నా వయసులో పెద్దది. తుపాకులు తగిలించే కొక్కేలు, నేలమీద ఏనాటివో కొండమేకల నెత్తుటి మరకలు. వేటకి తప్ప దేనికీ పనికిరాదు. వేటకి కూడా అంతంతమాత్రమే.

“ఎక్కుతుంది. దిగుతుందో లేదో మాత్రం నన్నడక్కు” అని తన మాటకి తనే నవ్వుకున్నాడు. “వేటకేగా, పెద్దన్నా?”

షార్షెన్ తలూపి కొండలవైపు చూశాడు. మబ్బులు అప్పుడే నల్లబడుతున్నాయి. మంచు పడితే కనుమ మూసుకుపోతుంది, మళ్లీ జూన్ దాకా తెరుచుకోదు. ఉన్న ఒక్క ఆవునీ అమ్మేసి పొద్దుటినుంచీ తిరుగుతున్నాడు. కాష్కా పేరు వినగానే అద్దె జీపులవాళ్లంతా చేతులెత్తేశారు. అతని డబ్బుకి అందేలా ఉన్నది ఈ డొక్కు ఒక్కటే. ఇదీ తప్పిపోతే ఇక అంతే.

“ఒక్కడివే వెళ్తున్నావా?”

“మావాడు పైనే ఉన్నాడు.”

“ముందే వెళ్లిపోయాడా! ఈకాలం కుర్రాళ్లంతే, ముసలాళ్లని వదిలేసి పరిగెడతారు. మరి తుపాకీ ఏది?”

“వాడి దగ్గరే ఉంది.”

“చోటు చూసిపెట్టుకున్నారా, లేకపోతే ఊరికే తిరగడమేనా?”

“గొర్రెల కాపరి చూశాడట. మొన్న మందతో దిగొచ్చి చెప్పాడు.”

షార్షెన్ చంకలోని ఉన్ని దుప్పటి తీసి జీపు వెనక పరిచాడు. దానిమీద వెల్లకిలా పడుకున్నాడు. మకీష్ పగలబడి నవ్వాడు.

“ఏం పెద్దన్నా, కొనకముందే కునుకా?”

షార్షెన్ కాళ్లు వెనక తలుపుకి తగిలి మోకాళ్లు పైకి లేచాయి. అలాగే కాసేపు ఉండి లేచాడు.

“చాలదు.”

“చాలదేంటి? రెండు కొండమేకల్ని వేసుకుని దిగాం ఇందులో! నువ్వేమైనా ఒంటెని కొడతావా?”

“మడవకుండా పట్టాలి. ముందు, డ్రైవరు పక్క సీటు తీసేస్తే?”

మకీష్ పానా అందించాడు. బోల్టులు తుప్పుపట్టి ఉన్నాయి. షార్షెన్ వేళ్లు చీరుకుపోయాయి. సాయం చేయబోతే వద్దన్నాడు. సీటు బయటపడేసి, దుప్పటి ముందుకి జరిపి మళ్లీ పడుకున్నాడు. ఈసారి కాళ్లు తిన్నగా చాచుకున్నా తలపైన జానెడు చోటు మిగిలింది. చేత్తో కొలిచి చూసుకున్నాడు.

“ఇప్పుడు సరిపోతుంది” అన్నాడు లేస్తూ.

“మరి మీవాడు ఎక్కడ కూర్చుంటాడు?”

“వెనక సర్దుకుంటాడులే.”

బేరం దగ్గర మాత్రం చిక్కొచ్చింది. మకీష్ లక్ష సోమ్‌లు అడిగాడు. షార్షెన్ దగ్గర ఎనిమిది వేలు తక్కువ పడింది. మొహం పాలిపోయింది పాపం. మకీష్‌కి జాలేసింది.

“పోనీలే పెద్దన్నా. నువ్వు దిగాల్సింది ఎలాగూ ఈ దారినే. రోడ్డుమీద నిలబడి షిరాల్గా అడుగుతా. నువ్వు తెచ్చినదాంట్లో ఒక తొడ నా చేతిలో పెట్టు. ఆ ఎనిమిది వేలూ వదిలేస్తా.”

వేటనుంచి దిగొచ్చేవాడు దారిలో ఎదురై షిరాల్గా అడిగినవాడికి వాటా ఇచ్చి తీరాలి. ఆ కొండల్లో పరమ పిసినారి కూడా దానికి కాదనడు.

“ఇవ్వలేను” అన్నాడు షార్షెన్.

“ఏంటీ?”

“నేను తెచ్చేదాంట్లో ఎవరికీ వాటా లేదు తమ్ముడూ.”

పక్కన టీ పోస్తున్నావిడ కూడా తలతిప్పి చూసింది. మకీష్ చెవులు ఎర్రబడ్డాయి.

“ఛీ! మా తాత ఉండుంటే నీ మొహాన ఉమ్మేవాడు. నీ కొడుక్కి కూడా ఇదే నేర్పావా?”

షార్షెన్ తల అడ్డంగా ఊపాడు. “వాడు ఎప్పుడూ ఇచ్చేవాడు. అడక్కపోయినా ఇచ్చేవాడు.”

“అయితే నీకే లేదన్నమాట బుద్ధి. నడువు, నీకు అమ్మను.”

షార్షెన్ గబగబా గొర్రెతోలు కోటు విప్పి జీపు బానెట్ మీద పెట్టాడు. నిరుడు కుట్టించుకున్న కోటు, పదివేలకి తక్కువ చెయ్యదు.

“ఇది తీసుకో. కాదనకు. నీ కాళ్లు పట్టుకుంటా.”

“పైన చలికి చస్తావ్.”

“చలి నాకొక్కడికేనా?” అన్నాడు షార్షెన్.

మకీష్ కోటు అందుకుని తాళంచెవి అతని మీదకి విసిరాడు. నాలుగు తోపులు తోస్తేగానీ ఇంజను అందుకోలేదు. పొగ కక్కుతూ జీపు కదిలింది. మకీష్‌కి కోపం ఇంకా దిగలేదు.

“నీకేమీ దొరక్కూడదు పిసినారోడా! ఖాళీ బండితో దిగుతావ్, చూస్తూ ఉండు!”

జీపు ఆగింది. షార్షెన్ తల బయటపెట్టాడు. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

“ఇంకేమైనా అను తమ్ముడూ. ఆ మాట మాత్రం అనకు.”

మళ్లీ ముందుకి పోనిచ్చాడు. కనుమ అప్పటికే మబ్బులో మునిగిపోయింది. అద్దం మీద తొలి మంచు తునకలు వాలుతున్నాయి. వెనక ఉన్ని దుప్పటి అతను పరిచినట్టే ఉంది.

నిరుడు మంచు కింద ఉండిపోయిన కొడుకు అతనికన్నా జానెడు పొడుగు.