వెనక గోడ లేని గూడు

గిజిగాళ్లలో మగపిట్ట గూడు అల్లితే, ఆడపిట్ట వచ్చి ముక్కుతో పోచ లాగి చూస్తుంది. గట్టిగా ఉంటేనే కాపురం. నూతిమీదకి వంగిన ఈతచెట్టుకి అప్పన్న అల్లిన గూడు చూడ్డానికి ఆవేళ నూకాలు వచ్చింది.

కొమ్మమీద కోతి ఫోను పట్టుకుని సిద్ధంగా ఉంది. "నూకాలక్కా, ఈ గూటి వీడియోకి లక్ష లైకులొచ్చాయి! లోపలికి దూరి ఇటు తిరిగి ఒక్క నవ్వు నవ్వు, చాలు."

నూకాలు దూరింది. తల అవతలికి వచ్చేసింది. వెనక అల్లికే లేదు. కింద నూతి నీళ్లు కనిపించాయి.

"వెనకవైపు వీడియోలో పడదు కదా," అని నసిగాడు అప్పన్న.

నూకాలు బయటికొచ్చి ఒక పోచ పట్టి లాగింది. గూడు విడిపోయి నూతిలో పడింది.

"లక్షమంది మెచ్చిన గూడు! అందరూ నిన్ను తిట్టిపోస్తారక్కా!" అని మొత్తుకుంది కోతి.

"తిట్టుకోనీ. నా గుడ్డు జారిపడితే ఆ లక్షమందిలో ఒక్కడైనా వచ్చి పట్టుకుంటాడా? ఇదిగో, నా మొహం బాగా పడేలా తియ్యి."

ఎగరబోతూ అప్పన్న వైపు తిరిగింది.

"ఈసారి వెనకనుంచి మొదలెట్టు. రేపొస్తా. మళ్లీ లాగుతా."