సున్నా లీటర్లు

పైడితల్లికి అన్నిటికన్నా పెద్ద భయం, బిడ్డకు స్నానం చేయిస్తుండగా నీళ్ల కోటా అయిపోయి కుళాయి ఆగిపోవడం. అందుకే రోజూ పొద్దున్నే వీధి మొగలో, ఏ ఇల్లు ఎన్ని నీళ్లు వాడిందో చూపే బోర్డు చూసి వస్తుంది. ఆరోజు బోర్డు మీద ఎదురింట్లో ఒంటరిగా ఉండే టైలరు సింహాద్రమ్మ ఫొటో వెలుగుతోంది. 'ఉత్తమ పొదుపరి. రెండు రోజులకు సున్నా లీటర్లు.' అక్కడున్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

"సూసి నేర్సుకోవే! గుంట పేరు సెప్పి బకెట్లు గుమ్మరించేస్తావు," అంది అత్త.

పైడితల్లికి తల కొట్టేసినట్టయింది. ఆ కిటుకేదో అడుగుదామని పాపను చంకనేసుకుని ఎదురింటికి వెళ్లింది. వాకిట్లో మొన్నటి ముగ్గే ఉంది. తాగే నీళ్లలోనైనా చెంబెడు మిగిల్చి కళ్లాపి చల్లే మనిషి! పైడితల్లి గబగబా గుమ్మం ఎక్కింది.

"అప్పా! సింహాద్రప్పా!"

తలుపు తోసింది. మిషను పక్కన నేల మీద సింహాద్రమ్మ. కాలూ చెయ్యీ పడిపోయాయి, పెదాలు పగిలిపోయాయి. కళ్లు మాత్రం కుళాయి వైపే చూస్తున్నాయి.

పైడితల్లి పరుగున వెళ్లి పాప స్నానానికి దాచిన నీళ్లు తెచ్చి, చెంచాతో ఆమె గొంతు తడిపింది. బయట చప్పట్లు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి.

మీ వీధి బోర్డు మీద ఎవరి పేరు పక్కనైనా సున్నా కనబడితే, ముందు వెళ్లి ఆ తలుపు తట్టండమ్మా.