అసలు డేటాబేసు

"డెమోకి అసలు డేటాబేసే కలుపు," అన్నాడు మేనేజరు. "ఉత్తుత్తి పేర్లు చూపిస్తే కొత్త కస్టమర్లు మనల్ని నమ్ముతారా?"

ప్రోగ్రామరు కనెక్షన్ సెట్టింగుల ఫైలు తెరిచింది. ప్రోగ్రాము ఏ డేటాబేసుకు వెళ్లి మనుషుల వివరాలు తెచ్చుకోవాలో చెప్పేది ఆ ఫైలే. ప్రస్తుతం అది కల్పిత పేర్లున్న టెస్టు డేటాబేసు వైపు చూపిస్తోంది. అసలుదానిలో, ఇంట్లో దెబ్బలు తాళలేక పారిపోయి వచ్చి, తమ సాఫ్ట్‌వేర్ వాడే ఒక సేవాసంస్థ నీడన రహస్యంగా తలదాచుకుంటున్న ఆడవాళ్ల పేర్లు, చిరునామాలు ఉన్నాయి.

"కలపను సార్."

"చిటికెలో పనమ్మా. యూజర్ పేరు, పాస్‌వర్డ్ మార్చడమేగా!"

"చిటికెలో పనే. అయినా చెయ్యను."

పక్క సీట్లలో టైపింగ్ చప్పుడు ఆగిపోయింది. మేనేజరు ముఖం కందగడ్డలా అయింది.

"అయితే రేపట్నుంచి రానక్కర్లేదు. పాస్‌వర్డ్ చెప్పి వెళ్లు."

"ఉద్యోగం పీకేస్తే పీకెయ్యండి. పాస్‌వర్డ్ మాత్రం నా నోట రాదు."

"ముక్కూ మొహం తెలియనివాళ్ల కోసం నీ పొట్ట నువ్వే కొట్టుకుంటావా? కాసేపు తెరమీద కనిపిస్తే కొంపలేం మునగవు. ఆ అడ్రసులు చూసి ఎవడొస్తాడని నీ భయం?"

ఆమె లాప్‌టాప్ మూసేసింది. కుర్చీలోంచి లేచి, అతని కళ్లలోకి సూటిగా చూసింది.

"మా ఆయనొస్తాడు సార్."