ఆదివారం మరమ్మతు

గేటు చప్పుడయ్యేసరికి కెరిషా చెయ్యి ఇంకా కంప్యూటరు డబ్బా లోపలే ఉంది.

ఆ వెడల్పాటి బూడిదరంగు తీగను ఒక్క లాగు లాగి, చటుక్కున చెయ్యి బయటికి తీసింది. రేకు అంచు గీసుకుని వేలు చురుక్కుమంది. మూత అడ్డం పెట్టి, నేల మీద పాకుతున్న పిల్లను చంకనేసుకుని, వేలు చప్పరిస్తూ వెళ్ళి తలుపు తీసింది.

"మళ్ళీ చచ్చిందా, చెల్లెమ్మా?" అన్నాడు శ్రవణ్, గుమ్మంలోనే బూట్లు విప్పుతూ.

"అవునన్నా. డిస్కు లేదంటోంది. షెర్విన్ చూస్తే డ్యూటీలో ఉన్నాడు. మీకేమో ప్రతి ఆదివారం ఇదే గోల."

శ్రవణ్ దక్షిణాఫ్రికాలోని ఈ ఉంజింటో ఊరి చక్కెర మిల్లులో కరెంటు ఇంజనీరు. రాజమండ్రి నుంచి వచ్చి ఏడాది కాలేదు. అదే మిల్లులో పనిచేసే కెరిషా మొగుడు షెర్విన్, డర్బన్ నుంచి ఒక్కో ముక్కా మోసుకొచ్చి సొంతంగా కూర్చుకున్న కంప్యూటరు మొదటిసారి మొరాయించినప్పుడు, అడగ్గానే పాపం శ్రవణ్ వచ్చి చూశాడు. అప్పుడు తీగ నిజంగానే ఊడింది. ఆ తర్వాత నుంచీ ఊడదీస్తున్నది కెరిషా.

అంతా షెర్విన్ నాయనమ్మ కొండమ్మ కోసం. తన ముసలాయన పోయిన నాటినుంచి ఆ అవ్వ నోరు కట్టేసుకుంది. ఇంట్లో వాళ్ళ ఇంగ్లీషు ఆమెకు పట్టదు. ఆమె తెలుగు వీళ్ళకు తిట్లూ తిండీ దాటి తెలీదు. శ్రవణ్‌తో కెరిషా మాట్లాడేదీ ఇంగ్లీషే. కంచం ముందు పెడితే కెలికి తోసేసేది. అలాంటి మనిషి, శ్రవణ్ "బాగున్నారా మామ్మగారూ" అన్న రోజున నోరు తెరిచింది. తెరిచిన నోటితోనే రెండోసారి కూర వేయించుకుంది.

కంప్యూటరు బాగైపోతే అతను ఇంకెందుకొస్తాడు? చదువుకున్న మనిషిని, ఆదివారం పూట ముసలమ్మతో కబుర్లు చెప్పి పొమ్మని ఎలా అడుగుతుంది? పైగా మొగుడు ఇంట్లో లేనప్పుడు పనీ పాటా లేకుండా మగమనిషి వస్తే, పక్కింటి పుష్పం కిటికీ వదలదు.

"వొచ్చావా నాయినా!" గోడ పట్టుకుని వచ్చి, కుర్చీ లాక్కుని, అతని మోకాలికి మోకాలు తగిలేలా కూచుంది అవ్వ. "మా అయ్యది తుని కాడ ఊరని చెప్పాను గదా. మావోళ్ళు ఎవరన్నా అవుపడ్డారా?"

"నేను ఇక్కడే ఉన్నాను కదా మామ్మగారూ, తునిలో ఎలా కనబడతారు?"

"ఉత్తరమన్నా రాయకపోతివా? మొద్దు ఎదవా!"

శ్రవణ్ పకపకా నవ్వాడు. తిట్టు కాబట్టి కెరిషాకూ అర్థమైంది. ఆమె కూడా నవ్వబోయింది కానీ, అతను అప్పటికే మూత తీసి లోపలికి తొంగిచూస్తున్నాడు.

"ఇదిగో, తీగ ఊడింది."

కెరిషా వంటింటి వైపు చూసింది. అప్పుడేనా? పొయ్యి మీద టీ నీళ్ళు కూడా మరగలేదు.

"ఉండండన్నా, బజ్జీలు వేస్తున్నా. తినకుండా వెళ్తే అవ్వ ఊరుకోదు," అంటూ పిల్లతో సహా వంటింట్లోకి పరిగెత్తింది.

పళ్ళెంతో తిరిగొచ్చేసరికి శ్రవణ్ బొత్తాం నొక్కుతున్నాడు. తెర నల్లగానే ఉంది. డబ్బా మాత్రం కీయ్... కీయ్... అని ఆగకుండా ఏడుస్తోంది.

"ఇదేంటన్నా?"

"అదే తెలీటంలేదు," అని గడ్డం గోక్కున్నాడు.

కెరిషా పళ్ళెం బల్ల మీద పెట్టేసింది. తొందర్లో లాగినప్పుడు ఇంకేదో విరిచేసి ఉంటుంది. వేళ్ళకు గాట్లు పడుతున్నా పట్టించుకోకుండా షెర్విన్ నెలల తరబడి కూర్చుకున్నది. సాయంత్రం వచ్చి ఆ బొత్తాం నొక్కితే ఏం చెప్పాలి?

శ్రవణ్ స్విచ్చి ఆపి, లోపలి భాగాలు ఒక్కొక్కటే విప్పి పాత పేపరు మీద పెట్టసాగాడు. పిల్ల చెయ్యి చాచి అందుకోబోయిన మరమేకును కెరిషా లాక్కుని గుప్పిట్లో బిగించింది.

"హైకోనా! వొద్దు!" అంది అవ్వ. "ఇట్టా పీకేస్తే మళ్ళీ పెట్టగలవా?"

"పెడతాను మామ్మగారూ. మీ అయ్య సర్దారు టోపీని చెరుకులో దాచేశాడన్నారే, తర్వాతేమైంది?"

అవ్వ మొదలెట్టింది. టోపీ దొరికింది, కూలీల మీద పెత్తనం చేసే ఆ సర్దారుకు కోపమొచ్చింది, అయ్య రాత్రంతా చెరుకుతోటలోనే నక్కాడు. చెబుతూ చెబుతూ బజ్జీలన్నీ ఆమే తినేసింది. శ్రవణ్ పెట్టడం, నొక్కడం, అది ఏడవడం, మళ్ళీ విప్పడం. కిటికీలో ఎండ పసుపు తిరిగింది. కెరిషా చెవుల్లో ఆ కీచు తప్ప మరోటి లేదు.

అవ్వ చెయ్యి కడుక్కోడానికి లేచింది. కెరిషా ఇక ఉండబట్టలేకపోయింది.

"అన్నా, నన్ను తిట్టండి. ఆ తీగ దానంతటది ఊడలేదు. నేనే పీకాను, పోయిన వారం కూడా. మీరొస్తే అవ్వ మాట్లాడుతుంది, నాలుగు ముద్దలు తింటుంది. ఇప్పుడు దీన్ని నిజంగానే చంపేశాను. షెర్విన్‌కి నా మొహం ఎలా చూపించను?"

కళ్ళనీళ్ళు బుగ్గల మీదికొచ్చాయి. చంకలో పిల్ల వాటిని వింతగా తాకింది.

శ్రవణ్ వంటింటి వైపు ఓసారి చూశాడు. కుళాయి నీళ్ళ చప్పుడు వినిపిస్తూనే ఉంది. స్విచ్చి ఆపి, డబ్బాలో చెయ్యి పెట్టి, బొటనవేలితో ఎక్కడో గట్టిగా నొక్కాడు. టిక్కుమంది. మళ్ళీ బొత్తాం నొక్కితే ఒక్క కూత కూసి, తెర వెలిగింది.

కెరిషా కళ్ళు తుడుచుకుని తెర దగ్గరికి వంగింది.

"నువ్వేం చంపలేదు చెల్లెమ్మా," అన్నాడు శ్రవణ్, గొంతు బాగా తగ్గించి. "తీగ ఒక్కటే అయితే అయిదు నిమిషాల్లో లేచి వెళ్ళిపోవాలి కదా, అందుకే నువ్వు వంటింట్లోకి వెళ్ళగానే ఈ మెమరీ ముక్కను వదులు చేసింది నేనే."