మత్తుమందు వరుస

"బీరువా తాళంచెవి నీ దగ్గరేగా ఉండేది?" అని అడిగాడు బావ.

"నా దగ్గరే. అయితే?" అన్నాడు బావమరిది. ఆ ఆసుపత్రిలో మందుల గది చూసుకునేది అతనే.

"అయితే ఏముంది! కంప్యూటర్లో చూపిస్తున్నన్ని మత్తుమందు సీసాలు బీరువాలో లేవు. మళ్ళీ."

బావమరిదికి ఆ ఉద్యోగం ఇప్పించింది, అదే ఆసుపత్రిలో లెక్కలు చూసే బావే. కంప్యూటర్ పేజీ తయారుచేసిందీ బావే. అందులో ఒక్కో మందుకు ఒక్కో వరుస. వరుస మీద నొక్కితే అంకె మార్చే పెట్టె తెరుచుకుంటుంది. ఇంకో వరుస మీద నొక్కగానే, మారిన అంకె దానంతటదే సేవ్ అయిపోతుంది. సేవ్ బటన్ వెతుక్కునే తిప్పలు లేకుండా చేశానని బావ కనిపించిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేవాడు.

"సీసా తీసిన వెంటనే అంకె మారుస్తున్నాను బావా. ఇంకేం చెయ్యమంటావు?"

"ఎప్పుడూ ఆ ఒక్క వరుసలోనే తేడా వస్తుందా? నా చెవిలో పువ్వులు పెట్టకు!"

అనుమానం పురుగులా తొలిచేస్తుంటే బావకు తిండి సహించలేదు. పొద్దున్నే ఆఫీసుకు రాగానే మొదటి పని, ఆ వరుస తెరిచి చూసుకోవడం. చూసినప్పుడల్లా బీరువాలో సీసాలకూ పేజీలో అంకెకూ తేడా పెరుగుతూనే ఉంది.

"మా తమ్ముడు అలాంటివాడు కాదు," అంది భార్య.

"దొంగ మొహాన రాసుకుని తిరుగుతాడా? వరుస ఎవరు తెరిచినా, ఎవరు మార్చినా పేరు పడేలా కట్టుదిట్టం చేశాను. రేపటితో తేలిపోతుంది."

ఆ మాట అక్క నోట విన్న తమ్ముడు మర్నాడు తాళంచెవి తెచ్చి బావ బల్ల మీద పడేశాడు.

"నా మీద కాపలా పెట్టావా బావా? ఇంక నీ కొలువూ వద్దు, నీ గడపా వద్దు."

గుమ్మం దాటి వెళ్ళిపోతున్న అతన్ని బావ ఆపలేదు. దొరికిపోతానని ముందే జారుకున్నాడనుకున్నాడు. రుజువు చూపిద్దామని పెద్ద డాక్టరును పిలుచుకొచ్చాడు.

"ఏమయ్యా, ఈ వరుస మార్చినవాళ్ళలో నీ పేరే ఉందేం?" అన్నాడు డాక్టరు తెర మీదకు వంగి.

బావ నవ్వేశాడు. "నేను మార్చడమేంటి సార్! రోజూ తెరిచి చూస్తాను, అంతే. ఇదిగో, ఇలా వరుస మీద నొక్కుతాను. చూసుకుని, పైనున్న ఇంకో వరుస నొక్కడానికి మౌస్ చక్రం ఇలా తిప్పుతాను."

చక్రం తిరగగానే, తెరిచి ఉన్న పెట్టెలో అంకె ఒకటి పెరిగింది.